పైరుయాకునకు తోడు

నెల్లూరు మండలపు సముద్రతీరమున వరిసేద్యము పురుషుల వ్యవహారము మాత్రమే కాదు. నాట్లు వేయుట, కలుపు తీయుట మొదలగు పనులు చాలవఱకు స్త్రీల చేతులమీదుగనే జరుగుచున్నవి. ఎరువునకు పైకము చాలనినాడు తాకట్టునకు పోవునదియు ఇల్లాలి నగయే. ఇటీవల కొందఱు వర్తకులు సీసాలు చూపి, "ఇందలి సూక్ష్మజీవులను ఆకులపై చల్లిన చాలును, యూరియాతో పనిలేదు" అని చెప్పుచున్నారు. ఈ మాట యెంతవఱకు నిజమో సోదరీమణు లెఱిగియుండుట మేలని తలంచి యీ మాసమున నీ విషయమును వ్రాయుచున్నాము.

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను పైరు దానిని నేరుగా గ్రహింపజాలదు. ఏటి యొడ్డున నిలిచియు చేద లేనివాని దప్పి వంటిది దాని స్థితి. ఆ చేద కొన్ని సూక్ష్మజీవుల యొద్ద కలదు. పిల్లిపెసర, జనుము, జీలుగు వేళ్ల బుడిపెలలో నుండునవి యిట్టివే. వరికి ముందు పిల్లిపెసర చల్లి దున్నించిన మన పెద్దల యాచారము ఊరక పుట్టినది కాదు.

ఇట్టి జీవులు ఆకులపైనను కలవని 1956వ సంవత్సరమున లోకమునకు దెలిపినది యొక స్త్రీయే. యకోబా రూయినెన్ అను డచ్చి శాస్త్రజ్ఞురాలు ఉష్ణదేశపు చెట్ల యాకులను పరిశీలించి వానిపై బైజరింకియా అను జీవిని కనుగొనెను. ఆ జాతిని 1939లోనే స్టార్కీ, డే అనువారు అప్పటి భారతదేశపు వరిమడి మట్టినుండి వేఱుచేసియుండిరి.

అయితే ఆకు సుఖమైన నివాసము కాదు. అక్కడ ఎండ తీవ్రము, తేమ స్వల్పము, ఆహారము కొఱత. నత్రజనిని మార్చు ఎంజైము ప్రాణవాయువు సోకిన చెడును. ఆ పనికి శక్తియు మిక్కుటముగ కావలయును. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని కలదు. ఒక సీసా ఆ లోటు నంతయు తీర్చునని నమ్మి యెరువు మానుట సాహసము. చల్లినపిదప పైరు పచ్చబడినను, అది నత్రజని వలననే యని చెప్ప వీలులేదు. కొన్ని జీవులు పెరుగుదలకు తోడ్పడు రసములను గూడ స్రవించును.

ఆకులోనే గూడు కట్టుకొని యీ పనిని చక్కగా నెఱవేర్చు జీవియు నొకటి కలదు. నీటిపై తేలు అజొల్లా మొక్క యాకుగదులలో అనబీనా అను నీలాకుపచ్చ నాచు నివసించును. ప్రాణవాయువును చొరనీయని మందపు గోడల కణములలో నది నత్రజనిని మార్చును. అజొల్లాను వరిమడిలో పెంచి బురదలో త్రొక్కిన, కుళ్లి పైరున కెరువగును. పశువులకు మేతయు నగును. ఉప్పునీరు దానికి పడదు గావున తీరగ్రామములవారు మంచినీటి తొట్టిలో పెంచవలయును.

సీసా కొనదలచినవారికి పాలు తోడుపెట్టు నేర్పే చాలును. కాగుచున్న పాలలో తోడు వేసిన పెరుగు కాదు గదా! ఇవియు ప్రాణులే. గడువు తేదీ చూచి కొనవలయును, నీడపట్టున నుంచవలయును. పురుగుమందుతో కలుపరాదు. ఎండ తగ్గిన సాయంకాలమున చల్లవలయును. మనకు అక్టోబరు, నవంబరులలో ఈశాన్యపు వానలు మెండు. వాన సూచన గలనాడు చల్లినది కొట్టుకొనిపోవును.

అన్నిటికంటె ముఖ్యమైనది పరీక్ష. మొదటి యేడు ఒక్క మడికే చల్లించి, అట్టిదే మఱియొక మడిని విడిచి, తక్కిన యెరువును నీటిని రెండింటికి సమముగ పెట్టించి, నూర్పునాడు ధాన్యమును వేఱువేఱుగ కొలిపింపుడు. వర్తకుని మాటకంటె మీ కళ్లమున తేలిన కొలత నమ్మదగినది. ఆ కొలత చూడకమున్ను నగపెట్టె తెఱవవలదని మా మనవి.