బిడ్డ యెముక చెప్పు సాక్ష్యము

మా మట్టెవాడలో బిడ్డ కెముక విఱిగినదనగానే “మంచముమీదినుండి పడినాడు” అను మాట మేము తఱచు వినుచుందుము. అది పెక్కుమార్లు నిజమే. క్రొత్తగా నడచు బిడ్డ తూలిపడగా మోకాలి క్రింది యెముక చిట్లుట కలదు. కాని ప్రాకనైన నేరని పసికందునకు తొడయెముక విఱిగినను, వెన్నుప్రక్కను ప్రక్కటెముకలు విఱిగినను, మానుచున్న విఱుగుడును క్రొత్త విఱుగుడును ఒక్క దేహముననే కన్పట్టినను, వైద్యులు సందేహింతురు.

1946లో అమెరికా వైద్యుడు జాన్ కాఫీ, తలలో నెత్తురు చేరిన 6గురు శిశువుల పొడవుటెముకలలో 23 విఱుగుళ్లను ఎక్సురే పటములలో చూపెను. అవి కొట్టుటవలన గలిగినవని లోకము గుర్తించుటకు 1962లో డాక్టరు కెంప్ ప్రభృతుల వ్యాసము కావలసివచ్చెను.

అయినను తొందరపడి తల్లినిగాని దాదినిగాని నిందింపరాదు. రికెట్సు వ్యాధివలనను, పుట్టుకతో వచ్చు పెళుసుదనమువలనను ఎముకలు స్వల్పకారణముననే విఱుగును. ఆ నిర్ణయము వైద్యులది.

కావున నాటుకట్టుతో సరిపుచ్చక, చేరువనున్న మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలకు బిడ్డను గొనిపోయి, జరిగినది జరిగినట్లు చెప్పవలెను. హింసయను అనుమానము కలిగినచో 1098కి ఫోను చేయవచ్చును. ఇంటిగుట్టని యూరకుండిన, మఱుసటి దెబ్బ బిడ్డ తలకే తగులవచ్చునని మా భయము.