మన పేరుకు కాపలా నాలుగు నెలలే

జీడిమెట్ల పారిశ్రామికవాడలో మందుల యూనిట్ నడిపేవారు డ్రగ్ లైసెన్సు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతుల గడువులు మరిచిపోరు. ప్రతి వారం వెలువడే ట్రేడ్‌మార్క్ జర్నల్ మీద అంత శ్రద్ధ ఉండదు. రిజిస్ట్రేషన్ కోరిన పేరు అందులో ప్రకటితమయ్యాక నాలుగు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టంలోని 21వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది.

ఏ కారణంతో? సరుకు గుణాన్నో, ఊరునో మాత్రమే చెప్పే పేరు, జనాన్ని మోసగించే పేరు, మత విశ్వాసాలను నొప్పించే పేరు 9వ సెక్షన్ కిందకు వస్తాయి. అగరుబత్తీలకు ‘రామాయణ్’ పేరు కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందే ఉన్న మార్కును పోలి ఉంటే 11వ సెక్షన్. పారాసెటమాల్ వంటి అంతర్జాతీయ ఔషధ నామాలు ఎవరి సొంతమూ కావని 13వ సెక్షన్ అంటుంది.

అసలు పేచీ పోలిక దగ్గరే. బెంగళూరులో ఆంధ్ర భోజనానికి పేరుపడ్డ ‘నందిని’ హోటళ్ల దరఖాస్తును ‘నందిని’ పాలు అమ్మే కర్ణాటక పాల సమాఖ్య వ్యతిరేకించింది. ఆ అభ్యంతరాన్ని రిజిస్ట్రార్ తోసిపుచ్చినా, అప్పిలేట్ బోర్డు, హైకోర్టు సమాఖ్య వైపే నిలిచాయి. 2018లో సుప్రీంకోర్టు హోటల్ పక్షాన తీర్పిచ్చింది: సరుకులు వేరు, లోగోలు వేరు, హోటల్ 1989 నుంచీ ఆ పేరుతోనే నడుస్తోంది. పేరు ఒకటైతే చాలుననుకునే పెద్ద సంస్థలు చదవాల్సిన తీర్పు.

‘ఈనాడు’ కేసు దీనికి భిన్నం. అది రిజిస్ట్రీలో అభ్యంతరం కాదు, కోర్టు దావా. బెంగళూరు అగరుబత్తీల సంస్థ ఆ పేరు వాడితే, సరుకు వేరైనా, అది మామూలు తెలుగు మాటే అయినా, ఆంధ్రప్రదేశ్‌లో పత్రికకు పర్యాయంగా స్థిరపడిందని 2011లో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. రెండుచోట్లా గెలుపుకు ఏళ్ల వాడుక తోడ్పడింది.

మందులకైతే కొలత మరింత కఠినం. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ వివాదంలో, పేరు తారుమారైతే ప్రాణానికే ముప్పని, డాక్టర్లూ పొరబడొచ్చని 2001లోనే సుప్రీంకోర్టు హెచ్చరించింది.

కాబట్టి పాత ఇన్‌వాయిస్‌లు, లేబుళ్లు, ప్రకటనలు తేదీలవారీగా దాచండి. ఆన్‌లైన్‌లో ఇచ్చే అభ్యంతర నోటీసు ఫీజు క్లాసుకు 2,700 రూపాయలు. నాలుగు నెలలు దాటాక రిజిస్ట్రార్ గడువు పొడిగించరు.