ఎవురి కొడుకువప్పా?

మా కొలిమిగుండ్లలో కొత్త పిల్లోడు ఇంటికొస్తే మంచినీళ్ల కంటే ముందు ఒక ప్రశ్న వస్తుంది. "ఎవురి కొడుకువప్పా?" పేరు తర్వాత అడుగుతారు. వాళ్ల నాయన ఎవరు, ఏ వీధి అని తెలిస్తే చాలు, వాడు మళ్లీ మా గడప తొక్కాలా వద్దా అన్నది మా అవ్వ మనసులో తేలిపోతుంది. నాపరాళ్ల గనిలో పనిచేసేవాళ్ల పిల్లలు, పాలిష్ ఫ్యాక్టరీ ఓనర్ల పిల్లలు ఒకే బెంచీలో కూర్చుంటారు. సాయంత్రం ఆటలు మాత్రం వేరు.

ఇది మీకందరికీ తెలిసిందే. ఎవరితో తిరగాలో ఇల్లు చెప్తే దొంగచాటుగానైనా ఎదిరిస్తాం. కానీ ఎలా అలగాలో కూడా ఇల్లే నేర్పిస్తుంది. అది నేర్చుకున్నట్టు మనకే తెలీదు. నా బాధ దీని గురించే.

నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు మా నాయనకీ చిన్నాయనకీ చేను దగ్గర తగాదా వచ్చింది. హద్దుకు పాతిన నాపబండ జరిగిందని ఒకరు, జరగలేదని ఇంకొకరు. అరుపుల్లేవు, కొట్లాట లేదు. మాటలు ఆగిపోయాయి, అంతే. చిన్నాయన కొడుకూ నేనూ ఒకే సైకిల్ మీద పెరిగినోళ్లం. మమ్మల్ని మాట్లాడుకోవద్దని ఎవరూ అనలేదు. కొన్నాళ్లు బెలుం గుహల కాడ, ఆ పెద్ద బుద్ధుడి విగ్రహం దగ్గర, ఊరోళ్ల కంట పడకుండా కలిసేవాళ్లం. తర్వాత మేమే మానేశాం.

(అక్కకైతే ఫోనే ఇవ్వలేదు. తన స్నేహాలన్నీ టెన్త్‌తోనే అయిపోయాయి. అది ఇంకో వ్యాసం.)

మొన్న హాస్టల్లో రూమ్మేట్ నన్నడక్కుండా నా ల్యాబ్ రికార్డ్ ఎవరికో ఇచ్చాడు. చిన్న విషయమే. నేను అరవలేదు, అడగలేదు. మాట మానేశాను. పదకొండు రోజులు. పన్నెండో రోజు వాడే వచ్చి, "మామా, తిట్టేదుంటే తిట్టు. ఇట్లా గోడలాగా ఉండొద్దురా" అన్నాడు. వాళ్లింట్లో పొద్దున అరుచుకుని మధ్యాహ్నం కలిసి తింటారంట. చిన్నాయన ఎదురొస్తే తల తిప్పుకునే మా నాయన గుర్తొచ్చాడు. అచ్చం అట్లాగే తిప్పుకున్నాను నేను కూడా.

"చెడు స్నేహాలు పట్టొద్దు" అని ప్రతి ఇంట్లో చెప్తారు. మంచి స్నేహితుడు దొరికితే వాణ్ని ఎలా నిలబెట్టుకోవాలో మాత్రం ఇంట్లో చూసే నేర్చుకోవాలి. మా ఇంట్లో చూద్దామంటే మూసిన తలుపే కనిపించింది. పెద్దల గొడవ పిల్లలకు అంటదని అనుకోవడం వాళ్ల ధైర్యం.

రూమ్మేట్‌ను ఆ రోజే బాగా తిట్టాను. వాడూ తిట్టాడు. మెస్‌కి కలిసే పోయాం.

చిన్నాయన కొడుకు నంబర్ నా ఫోన్లో ఉంది. డీపీలో వాడికి మీసాలొచ్చాయి. నిన్న రాత్రి "ఏం రా" అని టైప్ చేశాను. ఇంకా పంపలేదు.