లెక్కకు అందని తుపాకులు

వజ్రాలకు, మరమగ్గాలకు పేరుగాంచి, తెలుగు నేత కార్మికులెందరికో బతుకుతెరువు చూపిన సూరత్, జాతీయ నేర రికార్డుల బ్యూరో విడిగా లెక్కలు ప్రకటించే 19 మహానగరాలలో ఒకటి. అయితే అక్కడి తుపాకుల బెడద ఆ పట్టికలలో పూర్తిగా కానరాదు. ఒకే కేసులో పలు నేరాలున్నపుడు వాటిలో అతి తీవ్రమైనదే లెక్కకెక్కుతుంది. అక్రమ తుపాకీతో హత్య జరిగితే దానిని హత్యగానే లెక్కిస్తారు. 1959 నాటి ఆయుధాల చట్టం కింది నేరం మరుగున పడుతుంది. ఎయిర్‌గన్ గుండు తగిలిన గాయం పోలీసుల దాకా రాకుంటే అసలు జరగనట్టే. ఇంగ్లండ్, వేల్స్ గణాంకాలలో తుపాకీ నేరాలు, ఎయిర్‌గన్ నేరాలు వేర్వేరుగా ఉంటాయి. ఆ పద్ధతి మనకూ అవసరం. ఆసుపత్రుల లెక్కలనూ వాటికి జోడించాలి. బెడద ఎంతో తెలియకుండా లైసెన్సుల నిబంధనలు బిగించినా, సడలించినా అది చీకటిలో గురి చూడటమే.