మాత్ర మాటున ముప్పు

తలనొప్పిని మన సమాజం రోగంగా లెక్కించదు. మందుల దుకాణంలో అడిగిన వెంటనే దొరికే మాత్ర, నుదుటికి రాసుకునే బామ్, అరగదీసిన శొంఠి గంధం చాలుననుకుంటుంది. అధిక సంఖ్యాకుల విషయంలో ఆ అంచనా నిజమే. కానీ అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో వెలువరించిన మూడో వర్గీకరణలో రెండు వందలకు పైగా రకాలున్నాయి. వాటిలో చూపును హరించేవి, ప్రాణం తీసేవి, ప్రాణం తీయకుండానే బతుకును దుర్భరం చేసేవి ఉన్నాయి. అరుదైనవన్న పేరుతో వాటిని పట్టించుకోకపోవడం వల్ల జరుగుతున్న నష్టం ఇక ఉపేక్షించదగింది కాదు.

క్లస్టర్ తలనొప్పి సుమారు వెయ్యి మందిలో ఒకరికి వస్తుందని అంచనా. ఆ నిష్పత్తే ఇక్కడా వర్తిస్తే, 2011 జనగణన నాటికే 8.4 కోట్లు దాటిన తెలుగు రాష్ట్రాల జనాభాలో బాధితులు ఎనభై వేలకు పైబడతారు. దీని లక్షణాలు గుర్తుపట్టలేనివి కావు. నొప్పి సాధారణంగా ఒకే కంటి చుట్టూ మొదలవుతుంది. పావుగంట నుంచి మూడు గంటల దాకా ఉంటుంది. రోజుకు ఎనిమిది సార్ల వరకూ రావచ్చు. ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, రెప్ప వాలుతుంది, అదే వైపు ముక్కు దిబ్బడ వేస్తుంది. తరచూ రాత్రి ఒకే వేళకు నిద్రలేపుతుంది. పార్శ్వపు నొప్పి వచ్చినవారు చీకటి గదిలో కదలకుండా పడుకుంటారు. క్లస్టర్ బాధితులు కూర్చోలేరు, పడుకోలేరు, గదిలో పచార్లు చేస్తూనే ఉంటారు. ఇంత స్పష్టమైన తేడా ఉన్నా కంటి అద్దాలు మార్పించుకుని, సైనస్‌కు శస్త్రచికిత్స చేయించుకుని, బాగున్న పళ్లు పీకించుకుని, ఏళ్ల తరబడి తిరిగాక గానీ అసలు వ్యాధి పేరు తెలియని దుస్థితి ప్రపంచమంతటా నమోదైంది. నిపుణుల కొరత ఉన్న మన జిల్లాల్లో పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఉంటుందని భావించలేం.

దీనికి చికిత్స లేక కాదు. బిగుతైన మాస్కు ద్వారా నిమిషానికి 12 లీటర్ల చొప్పున స్వచ్ఛమైన ఆక్సిజన్ పదిహేను నిమిషాలు ఇస్తే 78 శాతం సందర్భాల్లో ఉపశమనం కలిగిందని, మామూలు గాలితో అది 20 శాతమేనని 2009లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. సుమాట్రిప్టాన్ ఇంజక్షన్ కూడా త్వరగా పనిచేస్తుంది. నోటి మాత్ర ప్రభావం చూపేసరికి నొప్పి తన పని తాను ముగించుకుని వెళ్లిపోతుంది. మళ్లీ రాకుండా వాడే వెరపామిల్‌కు ఇ.సి.జి. పర్యవేక్షణ తప్పనిసరి. ఇళ్లలో వాడే, నిమిషానికి అయిదు లీటర్లిచ్చే కాన్సంట్రేటర్లు ఈ నొప్పికి చాలవు. అయితే కొవిడ్ రెండో ఉద్ధృతి అనంతరం 2021లో జిల్లా ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ప్లాంట్లు వెలిశాయి. ఆక్సిజన్ ఉన్నచోట కూడా, ఊపిరి బాగా ఆడుతున్న తలనొప్పి రోగికి అది అవసరమన్న అవగాహన కొరవడుతోంది.

ఈ అజ్ఞానాన్ని స్కానింగ్‌తో పూడ్చుకోవడం మరో పొరపాటు. ఇలాంటి తలనొప్పుల్లో అధిక భాగం ఎం.ఆర్.ఐ.లో ఏ తేడా చూపవు. ‘అంతా నార్మల్’ అన్న కాగితం చేతికివ్వగానే రోగి బాధ మానసికమన్న ముద్ర పడుతోంది. నొప్పి ఎంతసేపుంటుంది, ఏ వేళ వస్తుంది, ఆ సమయంలో మనిషి ఏం చేస్తాడు అన్న ప్రశ్నలకు పది నిమిషాలు వెచ్చిస్తే చాలావరకు నిర్ధారణ అక్కడే జరుగుతుంది. హెమిక్రేనియా కంటిన్యువా అనే ఒకవైపు నిరంతర నొప్పికి చౌకైన పాత ఔషధం ఇండోమెథసిన్ పూర్తి ఉపశమనమిస్తుంది. ఆ ఉపశమనమే వ్యాధి నిర్ధారణకు ప్రమాణం.

వేచి చూడడమే ప్రాణాంతకమయ్యే సందర్భాలు వేరు. నిమిషం లోపే పతాక స్థాయికి చేరే తలనొప్పి మెదడు పైపొరల్లో రక్తస్రావానికి సంకేతం కావచ్చు. యాభై దాటాక కొత్తగా నొప్పి మొదలై, దువ్వెన తగిలితే తల మండి, నమిలితే దవడ లాగుతుంటే కణతల రక్తనాళాల వాపును అనుమానించాలి. స్టెరాయిడ్లు ఆలస్యమైతే పోయిన చూపు దాదాపుగా తిరిగి రాదు. బాలింతల సంగతి మరీ ఆందోళనకరం. పథ్యం పేరిట నీళ్లు తగ్గించే ఆచారం మన ఇళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. ప్రసవానంతరం రక్తం గడ్డకట్టే స్వభావం సహజంగానే పెరుగుతుంది, దానికి శరీరంలో నీటి కొరత తోడైతే మెదడు సిరల్లో గడ్డలు ఏర్పడే ముప్పు ఎక్కువవుతుంది. తొలి లక్షణం తరచూ తలనొప్పే. చలిగాలి తగిలిందనో వాతమనో సరిపెట్టుకుంటే మూర్ఛలు, పక్షవాతం వచ్చేదాకా ఆసుపత్రి గుర్తుకు రాదు. సకాలంలో హెపారిన్ అందితే అత్యధికులు కోలుకునే వ్యాధి ఇది.

ఈ సంకేతాలన్నిటినీ కప్పిపెడుతున్నది విచ్చలవిడిగా అమ్ముడవుతున్న నొప్పి మాత్ర. సాధారణ నొప్పి మాత్రలు నెలకు పదిహేను రోజులు, ట్రిప్టాన్లు, ఎర్గొటమిన్, మిశ్రమ ఔషధాలు పది రోజులు లేదా అంతకు మించి మూడు నెలలకు పైగా వాడితే ఆ మందే కొత్త తలనొప్పిని సృష్టించవచ్చు. షెడ్యూల్ హెచ్ ఔషధాలను చీటీ లేకుండా అమ్మరాదన్న నిబంధన కాగితాలకే పరిమితమైనంత కాలం ఈ విషవలయం తెగదు. ఔషధ నియంత్రణ యంత్రాంగం దుకాణాల్లో క్రమం తప్పక తనిఖీలు జరపాలి.

వైద్య విద్యను నిర్దేశించే సంస్థలు తలనొప్పి చరిత్రను రాబట్టే నైపుణ్యాన్ని ఇంటర్న్‌షిప్‌లో తప్పనిసరి చేయాలి. గ్రామాల్లో తొలి చికిత్స అందించేవారికి ప్రమాద సంకేతాలను, రోగిని వెంటనే పెద్దాసుపత్రికి పంపవలసిన సందర్భాలను తెలుగులో ముద్రించి ఇవ్వాలి. ఆరోగ్య బీమా పథకాల రూపకర్తలు క్లస్టర్ బాధితుల ఇంటి ఆక్సిజన్ సిలిండర్‌ను చికిత్సగా గుర్తించాలి. ప్రతి అత్యవసర విభాగంలో క్లస్టర్ నొప్పి చికిత్సకు లిఖిత మార్గదర్శకం ఉండాలి. వీటిలో కొన్నిటికి సమయం పట్టవచ్చు. ప్రసవానంతరం ఇళ్లకు వెళ్లే ఆరోగ్య కార్యకర్తలు బాలింతను తలనొప్పి ఉందా అని అడగడానికి, దాహమైనన్ని నీళ్లు తాగనివ్వమని ఇంటి పెద్దలకు చెప్పడానికి మాత్రం కొత్త నిధులు, కొత్త చట్టం అక్కర్లేదు. ఆ ఆదేశం ఈ వారమే వెలువడాలి.