చలికి ముందే కుండి నుండి నేలకు

ఏటేట జనవరి మాసమున సాయంకాలపు వేళ నాంపల్లి ప్రదర్శన మైదానము వాకిట నిలిచి చూచువారికి ఒక దృశ్యము తప్పక కనబడును. ఒక చేత పిల్లవానిని, మరియొక చేత మామిడియంటు గల సంచిని పట్టుకొని మన పల్లెలవారు బస్సుల వైపునకు నడచుచుందురు. నుమాయిషు చూడవచ్చినవారు వట్టిచేతులతో ఊరు చేరుట ఎట్లు? గాజులు ఇంటివారికి, అంటు పొలమునకు. ఈ వేడుకను మేము నిందింపబోము. మేమును అట్లు కొన్నవారమే. కాని ఆ యంటును మరునాడే గుంత త్రవ్వి నాటుట తగదనియు, మొక్క కుండిని విడిచి నేలను చేరవలసినది చలికి ముందే గాని చలి నడుమ కాదనియు మా యభిప్రాయము. అప్పు తెచ్చి తోట వేయు సభ్యునకు ఇది చిన్న సంగతి కాదు.

కొన్ని యేండ్ల క్రిందట మా ప్రాంతపు సంఘమొకటి సభ్యులకు బంగినపల్లి అంట్లు తెప్పించినది. ఆషాఢమున కావలసిన తీర్మానము, సభ్యులు చాలినంతమంది రానందున వాయిదా మీద వాయిదా పడి, దసరా దాటిన పిమ్మట ముగిసెను. కాగితములు పట్నము పోయి వచ్చుసరికి కార్తీకము గడచెను. అంట్లు లారీ దిగుసరికి మార్గశిరము. ఎకరము చెలక గల రైతొకరు 40 అంట్లు తీసికొని, నాటవచ్చునా యని మమ్ము అడిగిరి. మేము ఆకుల పచ్చదనమును మాత్రమే చూచి, నాటుడంటిమి. మాఘము నాటికి ఆకుల కొసలు మాడెను. వేసవి ముదురుసరికి 11 మిగిలెను. చూడబోయిన మాతో ఆ రైతు కోపపడలేదు. “సారూ, మీరు పెట్టుమన్నరు, పెట్టిన. చెట్టు పోయింది గని మిత్తి పోలే” అని మాత్రమే అనిరి.

చచ్చిన అంటునొకదానిని పెరికి చూచితిమి. మూడు నెలలకు మించి నేలలో నున్నను దాని వేళ్లు సంచి ఆకారమును విడువలేదు. మన్నుముద్ద చుట్టును చుట్టుకొని యుండినవే గాని ఒక్క వేరును గుంత మన్నులోనికి ప్రాకలేదు. పాదులో నీరున్నది, దానిని త్రాగు నోరు లేదు. అంతవరకు మేము నీటిలోపమనియు, చెదలనియు ఊహించుచుంటిమి.

మామిడి వెచ్చని నేలకు పుట్టిన చెట్టు. నేల చల్లబడినకొలది దాని వేరు సాగుట మందగించును. హైదరాబాదు చుట్టుప్రక్కల డిసెంబరు రాత్రులు ఇంచుమించు 15 డిగ్రీల సెల్సియసు వరకు దిగుచుండును. ఆదిలాబాదు వైపు ఇంకను తక్కువ. 1946 జనవరిలో ఈ నగరముననే 6.1 డిగ్రీలకు దిగినట్లు లెక్కలున్నవి. 1938లో పబ్లికు గార్డెన్సులో మొదలైన ప్రదర్శనము ఇప్పటి మైదానమునకు మారినదియు ఆ 1946వ యేటనే. ఇక కుండి సంగతి: నేలలోని వేరుకు చుట్టును భూమి దుప్పటివలె నుండును, కుండిలోని వేరుకు నాలుగు ప్రక్కలను గాలియే. కావున మొక్క కుండిలో నుండిపోయినను చలి బాధించును, చలిలో నాటినను బాధించును. తప్పించుకొను త్రోవ ముందుగా నాటుటయే.

ఎంత ముందుగా? క్రొత్త వేళ్లు గుంత మన్నును పట్టుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు కావలయును. మృగశిర మొదలు పుబ్బ వరకు నాటినవారు ధన్యులు. అట్లు వీలుకానివారికి సెప్టెంబరు 13 ప్రాంతమున వచ్చు ఉత్తర, ఆ వెనుక హస్త, ఈ రెండు కార్తెలు కడపటి మంచి గడువు. నేలలో వాన తేమ యుండును, వెచ్చదనమును తగ్గదు. “ఉత్తర చూసి ఎత్తర గంప” అను సామెత వానలు లేని యేటిది. అంటు విషయమున ఉత్తర, గంపను దింపవలసిన కార్తె.

శీతదేశములవారికిని ఈ లెక్క తెలియును. చీనా, జపాను, కొరియాలు పుట్టినిల్లయిన హోస్టా యను నీడమొక్కను అచ్చట కుండి నుండి తోటకు మార్చువారు నేల గడ్డకట్టుటకు కొన్ని వారములు ముందే మార్చుదురు. ఆ మొక్క చలికాలమున ఆకు రాల్చి నిద్రించి వసంతమున లేచును. మన మామిడికి అట్టి నిద్ర లేదు. అందువలన మన జాగ్రత్త మరింత ముందుగా నుండవలయును.

నాటు విధము అందరెరిగినదే యైనను తప్పులు జరుగు చోట్లు కొన్ని కలవు. మూడడుగుల గుంతను వేసవిలోనే త్రవ్వి ఎండనియ్యవలెను. పైమన్నును, బాగుగా చివికిన పశువుల ఎరువును కలిపి పూడ్చవలెను; పచ్చి పేడ చెదలను పిలుచును. నర్సరీ నీడలో పెరిగిన అంటును వారము పది దినములు కొంచెము కొంచెముగా ఎండకు అలవాటు చేయవలెను. నాటుటకు ముందు తడిపి, సంచిని ప్రక్కన కోయవలెనే గాని కాండము పట్టి లాగరాదు. మేము మిషను బడిలో చదువునాడు తోటపని గంటలో మాష్టరుగారు కుండిని బోర్లించి మన్నుముద్దను అరచేత దింపుకొనుట నేర్పిరి. ముద్ద చెదిరినవానికి ఆ దినమంతయు నీళ్లు మోయు పని. ఆ శిక్ష మాకు పలుమారు పడినందున ఆ పాఠము నేటికిని మరపురాదు. అడుగున చుట్టుకొన్న వేళ్లను మాత్రము కత్తితో తీసివేయవలెను. అంటుకట్టు నేలకు బెత్తెడు పైననే యుండవలెను. చలి రాగానే జొన్నచొప్పతో చిన్న గుడిసె వలె కప్పి, ఆగ్నేయము వైపు ఎండకు తెరచి యుంచవలెను.

నల్లరేగడివారు, భాద్రపదపు వానలలో అంటు మునిగి కుళ్లునని ఆక్షేపింతురు. నిజమే. వారు గుంతను నేలమట్టముకన్న ఎత్తుగా నింపి, తిన్నె మీద నాటి, నీరు పోవు కాలువ తీయవలెను. బోరును డ్రిప్పును గలవారు తమకు కాలముతో పనియేమందురు. వారు నీరియ్యగలరు, నేలకు వెచ్చదనము ఇయ్యలేరు.

ఇక సంఘముల సంగతి. ట్రూపు బజారున సహకార అపెక్సు బ్యాంకు, నాంపల్లి పబ్లికు గార్డెన్సున ఉద్యానశాఖ; ఆబిడ్సు మీదుగా ఒకచోటి నుండి మరియొకచోటికి నడచియే పోవచ్చును. మన కార్యదర్శులు ఒక్క దినముననే రెండు పనులును చూచుకొని రాగలరు. జాగు పట్నమున కాదు, మన యూరి చావడిలోనే మొదలగుచున్నది. అంట్ల తీర్మానము వైశాఖము దాటరాదు. అంట్లు ఏ కారణముచేతనైనను దీపావళి తరువాత చేరినచో సభ్యులకు పంచక, సంఘమే ఒక బావియొద్ద నీడలో నుంచి, మరుసటి మృగశిరకు పంచవలెను. కిస్తు కూడ మొక్క నేల చేరిన నాటినుండియే లెక్కింపవలెనని మా కోరిక. దీనికి కొందరు పెద్దలు సమ్మతింపరని యెరుగుదుము; ఐనను చెప్పక మానము.

నుమాయిషులో కొన్నవారు విచారింపనక్కరలేదు. సంచినో కుండినో మెడవరకు మన్నులో పాతి, ఉదయపు ఎండ తగులుచోట నుంచి, మితముగా తడుపవలెను. చలి తగ్గిన పిమ్మట పెద్ద సంచిలోనికి మార్చి, వేసవి యెండకు నీడ కల్పించి, మృగశిరలో నాటవలెను.

ఆ రైతు మిగిలిన 29 గుంతలను పూడ్చలేదు. మరుసటి యేడు ఉత్తరకార్తెలో మేమును వెళ్లి ప్రక్కన గూర్చుండి నాటించితిమి. రెండు తప్ప అన్నియు నిలిచినవి. మొదటి అంట్ల మిత్తిని మాత్రము ఆయన ఇంకను కట్టుచున్నారు.