పుష్పగుచ్ఛములతో తీరని ఋణము

ముఖమునకు తెల్లరంగు పూసికొన్నచో తమ బృందమున చోటు గలదని బాలే రూస్ ద మాంటి కార్లో వారు చెప్పగా, నాట్యమే ప్రాణముగా పెరిగిన జానెట్ కాలిన్స్ అను నల్లజాతి బాలిక, ఇరువదేండ్లయిన నిండని ప్రాయముననే, ఆ అవకాశమును త్రోసిపుచ్చి వెడలిపోయెను. ఆమెయే 1951లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ఆపెరా వేదికపై ‘ఐడా’లో నర్తించి, అచట ప్రధాన నర్తకియైన తొలి నల్లజాతి వనితగా వినుతి కెక్కెను. అదే పేరుగల బృందమున 1955లో చేరిన నల్లజాతి నర్తకి రేవెన్ విల్కిన్సన్, మేనిచాయ తెలుపునకు సమీపముగా నున్నను తన జాతిని దాచుట కంగీకరింపనందున, అమెరికా దక్షిణ రాష్ట్రములలో కు క్లక్స్ క్లాన్ అను జాత్యహంకార ముఠా వారి బెదిరింపులకు గురియై, స్వదేశమున ఆదరణ కానక, తుదకు నెదర్లాండ్స్‌లో నర్తింపవలసివచ్చెను. ఇంతటి ప్రతిభను పరదేశమునకు సాగనంపిన బాలే రంగము నేడు పుష్పగుచ్ఛము లర్పించిన చాలునా?

నల్లజాతి నర్తకుడైన ఆర్థర్ మిచెల్ చూపిన మార్గమే నిజమైన గౌరవమని నా నిశ్చితాభిప్రాయము. న్యూయార్కు సిటీ బాలేలో తాను గడించిన కీర్తితో తృప్తిపడక, మార్టిన్ లూథర్ కింగ్ హత్యానంతరము, 1969లో నృత్యగురువు కారెల్ షూక్‌తో గూడి న్యూయార్కులోని హార్లెమ్‌లో నృత్యశాల నెలకొల్పి, ఆయన పేదబిడ్డలకు శిక్షణ నొసగెను. అచటి నర్తకీమణులు బాలేలో పరిపాటియైన గులాబిరంగు మేజోళ్ళను విడిచి, తమతమ మేనిచాయకు సరిపడు మేజోళ్ళను, పాదుకలను ధరించిరి. ఇది స్వల్పవిషయమని కొందరికి తోచవచ్చును. కాని నడుమునుండి పాదాగ్రము వరకు దేహరేఖ అవిచ్ఛిన్నముగా గోచరించుటయే బాలే సౌందర్యమునకు మూలము గదా! కావున బాలే సంస్థలు స్మారకసభలతో సరిపుచ్చక, ఇట్టి పాఠశాలలకు ధనమును, నల్లజాతి గురువులకు పదవులను ఈయవలెను.